మూడు గంటల దారి

పడవలో ఒక కుర్రాడు ప్లాస్టిక్ సంచులు పంచుతున్నాడు.
నా దగ్గర ఆగి, బూట్లు చూసి,
ఫ్రెంచిలో అడిగాడు, కావాలా అని.
వద్దన్నాను.
కక్కుకోకుండా ఈ పాయ దాటడమొక్కటే
ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను మరవని విద్య:
చూపు కొండ మీద ఉండాలి, నీళ్ళ మీద కాదు.

కొండ అక్కడే ఉంది.
సాంతు అంతావు. ఇటునుంచి చూస్తే
గడ్డిపోచ మొలవని ఎండు డొక్క.
పచ్చదనమంతా వీపు వెనక దాచుకుంటుంది,
అప్పుకొచ్చినవాళ్ళకు ఖాళీ డబ్బా చూపించే
మా పిన్ని ఎర్మెలింద లాగ.

పవూల్ లోయలో మా ఇల్లు ఇప్పుడు బస.
గోడలకు నీలం, గుమ్మానికి గంట,
కొండలెక్కేవాళ్ళకు రాత్రికి ఇంత, నాస్తాతో ఇంత.
ఒకప్పుడు మేకల్ని కట్టిన గదికి
నేను చిల్లరతో సహా లెక్కపెట్టి ఇచ్చాను.
పొయ్యి ఉండే మూల పుస్తకాల బల్ల.
ఎన్ని పూతలు వేసినా అక్కడ గోడ
మళ్ళీ గోధుమరంగుకే తిరుగుతోందట.
చెమ్మ, అంది ఇంటావిడ.
చెమ్మే, అన్నాను.

పొద్దున్నే, చెరకు గానుగ దాటాక, చెక్క మీద తెల్లరంగు రాత:
కోవా, మూడు గంటలు.

మాకు గంటన్నర.
తల మీద చుట్టకుదురు, దాని మీద చేమదుంపల బుట్ట,
అరిగిపోతాయని చెప్పులు చేతిలో.
పైన రాళ్ళ రోడ్డు మీదికి లారీ వచ్చేలోపు చేరాలి.
లారీ వెళ్ళిపోతే
అదే బుట్టతో దిగాలి, అమ్మ ముందు నిలబడాలి.

ఇవాళ నాకు రెండు కర్రలు,
రాటర్‌డామ్‌లో బేరమాడకుండా కొన్న బూట్లు,
ఎడమ మోకాలికి పట్టీ.
మూడో మలుపుకే ఊపిరి అప్పు అడిగింది.

ఈ రాళ్ళు కరువులో పరిచినవి.
గంజి కోసం రాయి మోసినవాళ్ళలో
తాత ఉన్నాడని ఇంట్లో చెప్పేవారు,
ఏ మలుపు దగ్గరో ఎవరూ చెప్పలేదు.
అందుకని ప్రతి రాయి మీదా
కాస్త తేలిగ్గా అడుగేస్తూ వచ్చాను.
ఆలస్యానికి అదీ ఒక కారణం అనుకోండి.

గ్యాస్ సిలిండరు మోస్తున్న గాడిదతో
ఒక కుర్రాడు దిగుతున్నాడు. ఎవనిల్డు అట పేరు.
వాడూ ఫ్రెంచే.
నేను మా మాటలో అన్నాను:
"దారి దానికియ్యనా, నాకిస్తావా?"
వాడు ఆగిపోయాడు. గాడిదా ఆగింది.
తర్వాత పడీపడీ నవ్వాడు:
"అచ్చం మా ముత్తవ్వలా మాట్లాడుతున్నావే!
ఆ మాట ఆవిడతోనే పోయిందనుకున్నాం."

పరాయి ఊళ్ళో, ఆస్పత్రి లాండ్రీలో,
ఆవిరి మధ్య నిలబడి
నా మాటల్ని చేపల్లా ఉప్పులో వేసి దాచుకున్నాను.
ఊరేమో
తన మాటల్ని ఏ రోజుకారోజు తినేసి
కొత్తవి వండుకుంది.
ఎవరిది తప్పు?
గాడిద తోక ఊపింది. దారి అదే తీసుకుంది.

పైకి వెళ్ళేకొద్దీ మబ్బు.
గట్టు మీంచి ఎసరులా పొంగి
లోయలోకి జారుతోంది, చప్పుడు లేకుండా.
కాసేపు చెయ్యి కనపడలేదు.
కాసేపు పదేళ్ళదాన్నో, యాభై నాలుగేళ్ళదాన్నో కూడా.
పైన్ చెట్ల వాసన వచ్చింది; అది నా చిన్నప్పటిది కాదు,
అప్పటికి ఆ చెట్లు నా నడుమంత ఎత్తు.

నాలుగు గంటల పది నిమిషాలు.

కోవా అడుగున గుండ్రంగా మొక్కజొన్న, చిక్కుడు.
ఎప్పుడో చల్లారిన నిప్పుకొండ నోట్లో
ఎవరో కలుపు తీస్తున్నారు.
చూడాలనుకున్నది చూస్తూ కూర్చోబోతుంటే
వెనక నుంచి పిలుపు:
"ఇదిగో, కాస్త ఎత్తు."

తలపాగా, మట్టికాళ్ళు, బుట్ట నిండా దుంపలు.
ఎవరు, ఎక్కణ్ణుంచి అని అడగలేదు ఆవిడ.
దూరంగా లారీ మోత వినిపిస్తోంది.
ముందు మోకాలు వంచాలి, తర్వాత గాలి పీల్చాలి,
"ఊఁ" అన్నప్పుడు ఇద్దరూ ఒకేసారి.
చేతులకు గుర్తుంది.
బుట్ట కుదురు మీద కూర్చుంది.

నా కర్రలు ఎక్కడ పడేశానో
మబ్బులో చాలాసేపు వెతుక్కోవాల్సి వచ్చింది.